ఇంటిలో నెమ్మది
(ఉగాది సన్నాహ సభలో చేసిన ప్రసంగము)



పండుగ మాటల నడుమ మైకు సంగతి ఎత్తినందుకు మన్నించవలెను. మా రైల్వేవాళ్లలో రాత్రి డ్యూటీ దిగి పగలు పడుకునేవారు చాలామంది. చప్పుడు ఎంత చేటో మాకు తెలియును.

2000 సంవత్సరములో కేంద్ర ప్రభుత్వమువారు శబ్దకాలుష్య నియమములు చేసినారు. ఇండ్లున్నచోట పగలు 55 డెసిబెల్సు, రాత్రి 45 మించరాదు. రాత్రి పది మొదలు ఉదయము ఆరు వరకు ఆరుబయట మైకు కూడదు. పండుగలకని ఏడాదికి 15 రోజులు మించకుండ అర్ధరాత్రిదాక సడలింపు ఇయ్యవచ్చును. అది రాష్ట్రప్రభుత్వము ఇయ్యవలెను గాని, మన కమిటీ తీర్మానించుకుంటే చెల్లదు. ఇంటిలో నెమ్మదిగా ఉండుట జీవించే హక్కులోనిదేనని, వినననేవాని చెవిలో మైకు మ్రోగించే హక్కు ఎవరికీ లేదని 2005లో సుప్రీంకోర్టువారు తేల్చినారు.

పగటి నిద్రను మాత్రము చట్టము పట్టించుకోలేదు. మధ్యాహ్నము కన్నుమూసిన ఇంజను డ్రైవరుకు పగటి లెక్కే గతి!

మన మైకు నోరు కన్నడిగుల వీధివైపు. వారికీ యుగాదే, కాని పిల్లలకు పరీక్షల రోజులు. తెల్లవార్లూ మన పద్యనాటకము విని కూడ వారు ఇంతవరకు ఫిర్యాదు చేయలేదు. అది వారి మర్యాద. మనది చూపవద్దా?

మూసిన హాలులో లోపలివారికి వినిపించుటకు మైకు పెట్టుకొనవచ్చును. కనుక పది కాగానే నాటకమును హాలులోకి మార్చి తలుపులు వేసుకుందామని మా మనవి. హార్మోనియమువారు సరే అన్నారు. కృష్ణుని వేషమువారే ఇంకా ఆలోచిస్తున్నారు.