తాడు పట్టుకొన్నవాడు



మత్తయి సువార్త 13వ అధ్యాయంలో ఒక్క ముత్యం కోసం ఉన్న ఆస్తి అమ్ముకొన్న వర్తకుడు మనకు తెలుసు. ముత్యాలంటే హైదరాబాదువాళ్లకు పత్తర్‌గట్టి దుకాణాలు, అక్కడి బేరాలు గుర్తొస్తాయి. నీళ్లలోకి దిగినవాళ్లు గుర్తుకురారు.

జపానులో అలా దిగే స్త్రీలను 'అమ' అంటారు. మియె ప్రాంతపు తోబ, షిమ తీరాల్లో ఆక్సిజన్ సిలిండరు లేకుండా, ఊపిరి బిగబట్టి గుల్లలు ఏరి తెస్తారు. పైకి రాగానే ఈల వేసినట్టు ఊపిరి వదులుతారు. 1893లో ముత్యాల పెంపకం సాధించిన మికిమోటో కోకిచికి ఆల్చిప్పలు తెచ్చిపెట్టి, మళ్లీ సముద్రపు అడుగున ఉంచినది ఇటువంటి స్త్రీలే.

కొందరు పడవ మీదనుండి దిగుతారు. నడుముకు తాడు. పైన ఆ తాడు పట్టుకొనేది చాలాసార్లు భర్తే. ఆమె సైగ చేయగానే లాగాలి. అప్పుడు పక్క పడవవానితో చేపల ధర మాట్లాడుకుంటే కుదరదు గదా!

ప్రియులారా, నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టు ముగించుకొని రాత్రికి ఉప్పల్ చేరే సహోదరీలు మన సంఘాల్లో ఎందరో. ఇల్లు చేరితే మళ్లీ పొయ్యి దగ్గరకే. వారి తాడు ఎవరి చేతిలో ఉంది?

నేనూ అపరాధినే. రెండేళ్ల క్రితం నా భార్య జ్వరంతో, "కాసేపు ఉండండి" అన్నది. కూటానికి ఆలస్యమవుతుందని బైబిలు తీసుకొని వెళ్లిపోయాను. ఆనాటి నా అంశం 'సేవ'. తిరిగివచ్చేసరికి ఆమె నీళ్ల బిందె ప్రక్కన నేలమీద కూర్చొని ఉంది, లేవలేక. నన్నేమీ అనలేదు. రెండో బిందె నేను మోశాను.