దండారి వాద్యము



నస్పూరు గని సైరనుకు అలవాటుపడిన ఊరు. ఇచ్చటినుండి వాయవ్యముగా జైనూరు, ఉట్నూరు అడవులవైపు సాగినచో, దీపావళికి ముందు దినములలో వినవచ్చు ధ్వని వేరు. అది రాజగోండుల దండారి బృందములు ఊరూరు తిరుగు కాలము. నెమలి ఈకల కిరీటము, ఒంటినిండ బూడిద, భుజమున జింకచర్మము, చేత కర్ర గల గుస్సాడి వేషమును పత్రికలలోనైన చూడనివారు అరుదు. కాని ఛాయాచిత్రమున వాద్యము వినబడదు. నేటి ప్రసంగము ఆ వినబడని దానిని గూర్చియే.

డోలు, డప్పు, తుడుము లయను నడుపును. సన్నాయికి చుట్టమనదగిన పెప్రె రాగమును పలుకును. కాలికోమ్ అను లోహపు కొమ్ము దూరమునకు బృందము రాకను తెలుపును. వీనిని తరతరములుగా వాయించువారు పర్ధానులు, తోటీలు. గోండుల వంశచరిత్రలను, దేవతాకథలను కంఠస్థముగా నిలిపినవారును వీరే. దెబ్బ మారినచో అడుగు మారును; నర్తకుని చూపు ఎటున్నను చెవి మాత్రము తుడుముపైననే యుండును. ఆతిథ్యమిచ్చిన ఊరిలో రాత్రి పొద్దుపోవువరకు ఆట సాగును, పెండ్లి మాటలును నడుమ కుదురుచుండును. వేదికపై పది నిమిషములకు కుదించిన గుస్సాడిలో ఈ తీరిక లేదు. ఇది చిన్న నష్టము కాదు.

ఆటకు సంబంధించిన సంగీతము వ్రాతకెక్కినచో ఏమగునో తెలుపుటకు దూరదేశపు ముచ్చట యొకటి కలదు. 16వ శతాబ్దపు స్పెయిన్ దేశమున పవానా అను గంభీర నృత్యము రాజసభలందు వెలసెను. లూయిస్ మిలాన్ 1536లో వలెన్సియాలో అచ్చువేయించిన గ్రంథమున, గిటారు వంటి వీహువేలాపై వాయించుటకు పవానాలను వ్రాసెను. అంతకంటె మెచ్చదగినవాడు ఫ్రాన్సిస్కో ది సలీనాస్. బాల్యముననే చూపు కోల్పోయిన ఈతడు సలమాంకా విశ్వవిద్యాలయమున సంగీతాచార్యుడాయెను. 1577లో ప్రకటించిన లాటిన్ శాస్త్రగ్రంథమున లయభేదములను చూపుటకు పల్లెజనుల పాటల వరుసలనే ఉదాహరించెను. శాస్త్రమునకు ఉదాహరణములుగా వచ్చిన ఆ పాటల వరుసలు నాలుగు శతాబ్దములు దాటి నేటికిని నిలిచియున్నవి.

మన అడవులకు హైమన్‌డార్ఫ్ పండితుడు వచ్చెను. మార్లవాయిలో గోండుల నడుమ నివసించి, 1948లో వెలువడిన గ్రంథమున వారి పురాణములను, పూజావిధులను వ్రాసెను. కథ అక్షరమునకు లొంగును. తుడుము దెబ్బ అంత సులువుగ లొంగదు. ఆ మార్లవాయి వాడే గుస్సాడి కనకరాజు. పిల్లలకు నృత్యము నేర్పిన ఆయనకు 2021లో పద్మశ్రీ లభించినది. 2024 అక్టోబరులో ఆయన గతించెను. అడుగు నేర్చిన శిష్యులు ఉన్నారు. అయితే పదిమంది నర్తకులను తీర్చినంత సులువుగ ఒక్క పెప్రె వాయించువానిని తీర్చలేము.

దీపావళి సెలవులలో జైనూరువైపు పోవు పాఠకులు, వాద్యకారుల అనుమతితో వారి పేరును, ఊరును, ఏ దెబ్బను ఏమని పిలుతురో ఆ మాటను వ్రాసి, చేతిఫోనులో ధ్వనిని పట్టి తెచ్చినచో, గ్రంథాలయపు బీరువాలో ఒక్క అర దానికి చాలును.