జ్యూరీకి పిలిచారు... మరి ఆ రెండు వారాలు ఇల్లెలా గడవాలి?

ఈరోజు ఎపిసోడ్ మా ఇంటికి వచ్చిన ఒక ఉత్తరం గురించి. ఇంగ్లండ్‌లో ఉండి సొంత పని చేసుకుంటున్నవాళ్ళు, త్వరలో రాబోతున్నవాళ్ళు చివరిదాకా వినండి.

నేను రెడింగ్ దగ్గర ఉంటాను. డ్రైవింగ్ నేర్పిస్తాను. నెల జీతం కాదు, గంటకి 35 పౌండ్లు. క్లాసు ఉంటే డబ్బులు, లేకపోతే లేవు. కారు నాది కాదు, ఒక కంపెనీ దగ్గర తీసుకున్నా. నేను నేర్పినా, ఇంట్లో కూర్చున్నా వారానికి 180 పౌండ్లు అకౌంట్‌లోంచి కట్ అయిపోతాయి. ఆ నెలలోనే మావారి కాంట్రాక్టు అయిపోయింది. ఇల్లు నా సంపాదన మీదే నడుస్తోంది. సరిగ్గా అప్పుడు వచ్చింది ఉత్తరం. పైన జ్యూరీ సమన్స్ అని ఉంది.

అమ్మకి ఫోన్‌లో చెప్తే మొదటి మాట, "కోర్టా? ఏం చేశావే నువ్వు?" అమ్మ తప్పేం లేదు. మన దగ్గర కోర్టు కాగితం వచ్చిందంటే ఏదో గొడవ అనే అర్థం. పైగా జ్యూరీ అనేది మనకి సినిమాల్లోనే. 1959 నాటి నానావతి కేసులో బొంబాయి జ్యూరీ నిర్దోషి అంటే, హైకోర్టు ఒప్పుకోలేదు, శిక్ష వేసింది. తర్వాత 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో మన దేశంలో క్రిమినల్ కేసుల్లో జ్యూరీ పోయింది. ఇక్కడ మాత్రం పెద్ద నేరాల కేసుల్లో ఇప్పటికీ 12 మంది మామూలు మనుషులే కూర్చుని దోషా కాదా తేలుస్తారు.

మరి ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న నన్నెందుకు పిలిచారు? నాకూ అదే డౌట్. కొన్నేళ్ళ కిందట నాకు ఫోన్ కాంట్రాక్టు రిజెక్ట్ అయింది. ఓటరు లిస్టులో పేరుంటే క్రెడిట్ చెక్‌కి మంచిదని ఎవరో చెబితే ఎక్కించుకున్నా. ఇండియా కామన్వెల్త్ దేశం కాబట్టి మనకి ఇక్కడ ఓటు ఉంటుంది. ఆ లిస్టులోంచే కంప్యూటర్ పేర్లు తీస్తుంది. 18 నుంచి 75 ఏళ్ళ వయసు, 13 ఏళ్ళు దాటాక కనీసం అయిదేళ్ళు ఇక్కడ ఉండి ఉంటే చాలు. ఫోన్ కోసం పెట్టిన పేరు నన్ను కోర్టుకి తీసుకెళ్ళింది!

మొదటి రాత్రి నేను చేసిన పని ఏంటో తెలుసా? ఉత్తరం డ్రాయర్‌లో పడేశా. చూడనట్టే ఉందామని. దయచేసి మీరు ఆ పని చేయకండి. ఏడు రోజుల్లో జవాబు ఇవ్వాలి. జవాబివ్వకపోయినా, వెళ్ళకపోయినా వెయ్యి పౌండ్ల దాకా ఫైన్ పడొచ్చు. డబ్బు లేదని దాక్కుంటే ఉన్న డబ్బు కూడా పోతుంది.

పొద్దున్నే మావారు, నేను కూర్చుని లెక్క వేశాం. జ్యూరీ పని మామూలుగా పది పనిదినాలు. దానికి జీతం ఇవ్వరు, పోయిన సంపాదనకి పరిహారం ఇస్తారు. అదీ ఒక హద్దు దాకానే. నేను వెళ్ళినప్పుడు నాలుగు గంటలు దాటి ఉంటే రోజుకి 64.95 పౌండ్లు, నాలుగు గంటలో అంతకన్నా తక్కువో అయితే 32.47. తిండికి 5.71, రానుపోను ఖర్చు వేరే. ఆ డబ్బు కూడా అదే రోజు చేతికి రాదు. క్లెయిమ్ పెట్టాక ఏడు నుంచి పది పనిదినాలు పడుతుంది. కారు కంపెనీ అన్ని రోజులు ఆగదు కదా!

డబ్బు ఇబ్బంది అంటే పూర్తిగా వదిలేస్తారేమో అనుకున్నా. అంత తేలిగ్గా వదలరు. కానీ ఒకసారి వాయిదా అడగొచ్చు, వచ్చే 12 నెలల లోపు ఎప్పటికైనా. నేను ఉన్నది ఉన్నట్టు రాశా: ఇంట్లో ఒక్కరి సంపాదనే ఉంది, ఆ రెండు వారాల్లోనే నా దగ్గర నేర్చుకునే ఇద్దరికి డ్రైవింగ్ టెస్టులు ఉన్నాయి, నాకు కుదరని తేదీలు ఇవి అని. జూన్‌కి మార్చారు. మూడు నెలలు దొరికాయి.

ఆ మూడు నెలల్లో నేను చేసినవి చెప్తా. ఒకటి, కారు కంపెనీకి ఫోన్ చేశా. అడగడానికి సిగ్గేసింది, నిజం చెప్తున్నా. సమన్స్ కాపీ పంపితే ఒక వారం అద్దె తగ్గించారు. అడక్కపోతే అదీ లేదు. రెండు, వారానికి 20 పౌండ్లు విడిగా పెట్టా, 12 వారాలకి 240 అయ్యాయి. మూడు, కిందటేడు టాక్స్ రిటర్న్, క్లాసుల డైరీ, బ్యాంక్ స్టేట్‌మెంట్ ఒక ఫోల్డర్‌లో పెట్టా. సొంత పని చేసేవాళ్ళకి జీతం స్లిప్ ఉండదు, మన సంపాదనకి మనమే రుజువు చూపించాలి. నాలుగు, జూన్‌లో రాత్రి తొమ్మిదైనా వెలుతురు ఉంటుంది కాబట్టి కొన్ని క్లాసులు సాయంత్రాలకి, శనివారాలకి మార్చుకున్నా. క్లెయిమ్‌లో మాత్రం పగలు పోయిన సంపాదనే రాశా. అక్కడ అబద్ధం ఆడకండి. మీరు బెనిఫిట్స్ తీసుకుంటుంటే సమన్స్ రాగానే ఆ ఆఫీసులో చూపించండి.

కోర్టులో మొదటి రెండు రోజులూ కూర్చోబెట్టి మధ్యాహ్నానికే ఇంటికి పంపేశారు. అంటే సగం డబ్బే. చివరికి ఎనిమిది పూర్తి రోజులు, రెండు సగం రోజులు, మొత్తం 584.54 పౌండ్లు. మామూలుగా ఆ రెండు వారాల్లో ఖర్చులన్నీ పోగా నాకు 900 దాకా మిగిలేది. దాచిన 240, సాయంత్రం క్లాసులు ఆ గుంట పూడ్చాయి. లాభం లేదు, అప్పూ కాలేదు.

ఇంకో మాట. చాలా వారాలు నడిచే కేసైతే ముందే అడుగుతారు, మీకు ఇబ్బందా అని. సొంత పని, ఇల్లు గడవదు అని అప్పుడే చెప్పాలి. తర్వాత చెప్తే కష్టం.

కేసు గురించి చెప్పమని అడక్కండి. జ్యూరీ గదిలో ఏం మాట్లాడుకున్నామో బయట చెప్పడం ఇక్కడ నేరం. ఆ కేసు గురించి ఫోన్‌లో వెతకడం కూడా నేరమే, జైలుకి కూడా వెళ్ళాల్సి రావచ్చు. మనకి చెయ్యి ఊరుకోదు కదా, అందుకే చెప్తున్నా.

నా గురించి మాత్రం చెప్తా. మొదటి రోజు వెయిటింగ్ రూమ్‌లో పదిసార్లు బ్యాంక్ యాప్ తెరిచి చూశా. తర్వాత కోర్టు హాల్లో కూర్చున్నా. ఎదురుగా ఒక మనిషి. అతని బతుకు ఏమవుతుందో మా 12 మంది చెప్పాలి. అప్పుడు అనిపించింది, ఈ వాయిదా తీసుకోకుండా మార్చిలోనే వచ్చి ఉంటే నేను సాక్షి మాట వినేదాన్నా, కారు అద్దె లెక్క వేసుకునేదాన్నా? త్వరగా తేలిపోతే బాగుండు, ఇంటికి పోదాం అనుకునేదాన్నేమో. అది తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

అందుకే వాయిదా అడగడం, అద్దె తగ్గించమనడం చిన్నతనం కాదు. మన డబ్బు గొడవ బయటే తేల్చుకుని వెళ్తే, లోపల ఎదుటి మనిషి మాట పూర్తిగా వినగలం.

అమ్మకి ఫలితం చెప్పా, కారు అద్దె కట్టేశానని. ఆవిడకి అది చాలు. ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.