నాయన వాచీ అమ్మాలా?

(ఆళ్లగడ్డ దగ్గర ఒక పల్లెలో, అక్షర కేంద్రం వారపు సమావేశంలో ఒక అక్క చేసిన ప్రసంగం ఇది. ఆమె ఈ కేంద్రంలోనే చదవడం, రాయడం నేర్చుకుంది.)

 

ఈ వారం నన్ను మాట్లాడమన్నారు. నాకు పెద్ద విషయాలు తెలియవు. మా ఇంట్లో జరిగిన ఒక చిన్న విషయం చెప్తాను. అది ఒక వాచీ సంగతి. దాన్ని అమ్మాలా, ఉంచుకోవాలా అని మేము పది రోజులు తర్జనభర్జన పడ్డాం.

మా నాయన శిల్పి. ఆళ్లగడ్డ శిల్పుల పేరు మీకు తెలియనిది కాదు. ఇక్కడ చెక్కిన విగ్రహాలు ఎన్నో దూర ప్రాంతాల గుళ్లకు పోతాయి. మా నాయన చదువుకోలేదు. కానీ రాయి చూసి అందులో ఏ విగ్రహం వస్తుందో చెప్పేవాడు. అక్షరం రాదు గానీ, గడియారం చూసి టైము చెప్పేవాడు. ముళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి గుర్తు పట్టేవాడు.

నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒక పెద్ద విగ్రహం చేసి, ఆ కూలి డబ్బులతో నంద్యాల పోయి వాచీ కొన్నాడు. హెచ్.ఎం.టి. వాచీ. దాని ముఖం మీద హిందీలో 'జనత' అని రాసి ఉంటుంది. అదేమిటో నాయనకు తెలియదు. దుకాణంలో అడిగాడట. "జనత అంటే జనం. నువ్వూ నేనూ" అని చెప్పారట. ఆ మాట నాయనకు ఎంతో నచ్చింది.

పనిలో కూర్చుంటే నాయన వాచీ తీసి, గుడ్డలో చుట్టి, గోడకు మేకు మీద పెట్టేవాడు. "ఉలి దెబ్బకు దాని గుండె అదురుతుంది" అనేవాడు. రోజూ పొద్దున లేవగానే దానికి కీ ఇచ్చేవాడు. కాఫీ తాగడం మరిచినా, కీ ఇవ్వడం మరిచేవాడు కాదు.

నాయన పోయి నాలుగేళ్లు అయింది. వాచీ నా దగ్గర పెట్టెలో ఉంది. కీ ఇస్తే కాసేపు నడిచి ఆగిపోతుంది. సెకన్ల ముల్లు ఒకచోట తట్టుకుని వణుకుతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మా పాప నంద్యాలలో నర్సింగు కోర్సులో చేరింది. వార్డులో ఫోను బయటికి తీయొద్దని చెప్పారు. సెకన్ల ముల్లు ఉన్న వాచీ తెచ్చుకోమన్నారు. ఎందుకంటే నర్సు పనిలో ఒక నిమిషం చాలా ముఖ్యం. రోగి చెయ్యి పట్టుకుని, ఒక నిమిషంలో నాడి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో లెక్కపెట్టాలి. పెద్దవాళ్లకు ఊరికే ఉన్నప్పుడు 60 నుంచి 100 దాకా ఉండాలి. చంటిబిడ్డకు దగ్గు, ఆయాసం వస్తే ఊపిరి లెక్కపెట్టాలి. రెండు నెలలు నిండి ఏడాది లోపు ఉన్న బిడ్డ నిమిషానికి 50 సార్లు గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఊపిరి తీస్తే అది ప్రమాదం. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఈ మాట మనమందరం కూడా గుర్తు పెట్టుకోవాలి.

కాబట్టి పాపకు వాచీ కావాలి. అది సోకు కాదు, అవసరం.

పాపా, నేనూ బస్సెక్కి నంద్యాల పోయాం. నలభై కిలోమీటర్ల పైచిలుకు దారి. దారంతా పాప నాయన వాచీని చేతిలో తిప్పుతూనే ఉంది. దుకాణంలో కొత్త వాచీ 950 రూపాయలు అన్నారు. పాతది ఇస్తే 300 తగ్గిస్తామన్నారు. అంటే మేము 650 కట్టాలి. దుకాణదారు మంచివాడే. తొందర పెట్టలేదు.

నేను గ్యారంటీ కార్డు చూపించమన్నాను. అది ఇంగ్లీషులో ఉంది. పాపతో చదివించాను. ఒక ఏడాది గ్యారంటీ. బ్యాటరీకీ, పట్టీకీ గ్యారంటీ లేదు. నీళ్లు పోతే లేదు. ఇదంతా కింద చిన్న అక్షరాల్లో ఉంది. చదువు రాక ముందు అయితే నేను పై బొమ్మ చూసి తల ఊపేదాన్ని.

"రేపు వస్తాం" అని చెప్పి బయటికి వచ్చాం.

"ఏందిమా, ఇచ్చేద్దాం. ఆగిపోయిన వాచీ పెట్టెలో ఉంటే ఎవరికి లాభం?" అంది పాప. ఆ మాటలో తప్పు లేదు. అయినా నాకు గొంతు పట్టేసింది.

దానికి ఒక కారణం ఉంది. పాప పుట్టేటప్పుడు నాకు నొప్పులు వచ్చి కాన్పు కష్టమైంది. అర్ధరాత్రి నంద్యాల తీసుకుపోవాలి. జీపుకు డబ్బుల్లేవు. నాయన చేతి వాచీ విప్పి, ఊళ్లో ఒకాయన దగ్గర కుదువ పెట్టాడు. మా అమ్మ ఏడ్చిందట. "వాచీ మళ్లీ కట్టుకోవచ్చు. మనిషి మళ్లీ రాదు" అన్నాడట నాయన. రెండు నెలల తర్వాత ఒక నంది విగ్రహం చేసి ఇచ్చి, ఆ డబ్బులతో విడిపించుకున్నాడు.

ఇది తలచుకుంటే నాకు రెండు ఆలోచనలు వచ్చాయి. నాయన జ్ఞాపకం, అమ్మకూడదు అని ఒకటి. బిడ్డ కోసం నాయనే దాన్ని చేతి నుంచి విప్పాడు, ఇప్పుడు నేను దాచుకోవడం ఏమిటి అని ఇంకొకటి.

ఇంకో సంగతి కూడా గుర్తొచ్చింది. ఆ వాచీ నా ఒక్కదానిది కాదు. తమ్ముడిది కూడా. వాడూ శిల్పే. వాణ్ని అడిగాను. వాడు ఏమన్నాడో తెలుసా? "అక్కా, నాయన ఉలి నా దగ్గర ఉంది. రోజూ అది పట్టుకుంటే నాయన చెయ్యి పట్టుకున్నట్టే ఉంటుంది. వాచీ నీ ఇష్టం. పాపకు అక్కరైతే ఇచ్చేయ్" అన్నాడు.

తమ్ముడు మొదటే వద్దని ఉంటే, నేను వాడి మీద తోసేసి ఊరుకునేదాన్ని. ఇప్పుడు నేనే ఆలోచించాలి.

అప్పుడు కాగితం, పెన్ను తీసుకున్నాను. మన కేంద్రంలో నేర్చుకున్న లెక్కలే.

వాచీ అమ్మి కొత్తది కొంటే: 950లో 300 పోగా 650 ఖర్చు. పాత వాచీ ఉండదు.

అమ్మకుండా కొత్తది కొంటే: 950 ఖర్చు. పాతది పెట్టెలో ఉంటుంది, నడవదు.

పాతది బాగు చేయిస్తే: ఎంత ఖర్చు? ఈ మూడో లెక్క మేము వేయనే లేదు!

మరునాడు ఆళ్లగడ్డలో వాచీలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి పోయాం. ఆయన కంటికి అద్దం పెట్టుకుని, వెనక మూత తీసి చూశాడు. "దెబ్బ ఏమీ లేదమ్మా. నూనె ఎండిపోయింది. దుమ్ము చేరింది. విప్పి కడిగి నూనె వేస్తే నడుస్తుంది. 350 అవుతుంది" అన్నాడు. ఆ దుమ్ము ఏమిటో మాకు తెలుసు. అది రాతి దుమ్ము.

ఆయన ఇంకా చాలా చెప్పాడు. హెచ్.ఎం.టి. వాళ్లు 1961లో జపాను దేశపు సిటిజన్ కంపెనీ సాయంతో బెంగళూరులో వాచీలు చేయడం మొదలు పెట్టారట. 2016లో కేంద్ర ప్రభుత్వం ఆ వాచీల కంపెనీని మూసేయాలని నిర్ణయించింది. ఈ వాచీలో పళ్లచక్రాలు తిరిగేచోట 17 చిన్న ఎర్రరాళ్లు ఉంటాయి. అరుగుదల లేకుండా వాటిని పెడతారు. అవి ఫ్యాక్టరీలో చేసిన రాళ్లు. అమ్మితే పెద్ద ధర రాదు. బ్యాటరీ వాచీలో క్వార్ట్జ్ అనే రాయి ముక్క ఉంటుంది. అది సెకనుకు 32,768 సార్లు అదురుతుంది. అందుకే ఆ వాచీ టైము అంత సరిగ్గా చూపిస్తుంది. దీంట్లోనూ రాయే, దాంట్లోనూ రాయే! నాయన వింటే ఎంత సంబరపడేవాడో.

వాచీ బాగైంది. కానీ రోజుకు 2 నిమిషాలు వెనకబడుతోంది. పాప భయపడింది. "రెండు నిమిషాలు తప్పు చూపే వాచీతో నాడి ఎట్ల చూస్తాను?" అంది.

మళ్లీ లెక్క వేశాం. రోజుకు 24 గంటలు. అంటే 1,440 నిమిషాలు. అన్ని నిమిషాలకు కలిపి వెనకబడేది 2 నిమిషాలు, అంటే 120 సెకన్లు. 1,440ని 120తో భాగిస్తే 12. అంటే 12 నిమిషాలకు ఒక్క సెకను వెనకబడుతుంది. ఒక నిమిషంలో అయితే సెకనులో పన్నెండో వంతు. నాడి లెక్కకు అది ఏమాత్రం అడ్డం కాదు. క్లాసు టైము తప్పకుండా ఉండాలంటే, పొద్దున కీ ఇచ్చేటప్పుడు ఫోను చూసి ముల్లు సరిచేసుకుంటే చాలు.

పాప ఇంకో చిక్కు చెప్పింది. నర్సులు మాటిమాటికి చేతులు కడుగుతారు. పాత వాచీలోకి నీళ్లు పోతాయి. అది నిజమే. అందుకని చేతికి కట్టుకోకుండా జేబులో పెట్టుకుంటానంది. చదువు అయిపోయి మొదటి జీతం రాగానే తన డబ్బుతో కొత్తది కొనుక్కుంటుందట. మంచిదే కదా!

అక్కలారా, అన్నలారా! జ్ఞాపకాల వస్తువులు ఎప్పుడూ అమ్మొద్దని నేను చెప్పడం లేదు. ఆ వాచీ ఇంక బాగుకాదని ఆ పెద్దాయన చెప్పి ఉంటే నేను అమ్మేసేదాన్ని. ఏడ్చుకుంటూ అయినా అమ్మేసేదాన్ని. ఆపదకు అమ్మడం వేరు. తొందరపడి అమ్మడం వేరు. ముందు అవసరం ఏమిటో చూడాలి. మాకు కావలసింది కొత్త వాచీ కాదు, సరిగ్గా నడిచే సెకన్ల ముల్లు. ఆ సంగతి తెలుసుకోవడానికి మాకు పది రోజులు పట్టింది.

మొన్న ఆదివారం పాప ఇంటికి వచ్చింది. నా చెయ్యి పట్టుకుని, నాయన వాచీ చూస్తూ నాడి లెక్కపెట్టింది. 76 అంది. ఆ నిమిషం సేపు ఇద్దరం మాట్లాడలేదు. టిక్కు టిక్కుమని వాచీ చప్పుడు వినపడుతూనే ఉంది.



గుర్తుంచుకోండి

కీ ఇచ్చే వాచీకి రోజూ ఒకే వేళకు కీ ఇవ్వాలి. బిగుసుకోగానే ఆపాలి.

ఏది కొన్నా బిల్లు అడగాలి. గ్యారంటీ కార్డు చదవాలి, లేదా చదివించుకోవాలి. మోసం జరిగితే 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చు.

వాచీ బ్యాటరీ పిల్లలకు అందకూడదు. బిడ్డ మింగితే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవాలి.

ఆలోచించండి

1. మీ ఇంట్లో ఇలాంటి వస్తువు ఏదైనా ఉందా? అది ఎవరెవరిది?

2. ఒక వాచీ రోజుకు 4 నిమిషాలు వెనకబడితే, ఎన్ని నిమిషాలకు ఒక సెకను వెనకబడినట్టు?

3. ఈ అక్క స్థానంలో మీరుంటే ఏం చేసేవారు? ఎందుకు?