జమానతు కట్టాక కూడా పని ఉంది
(మన సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ వేదిక మీద స్కాలర్‌షిప్పులు, కుట్టుమిషన్లు, వితంతువుల నెలసరి సాయం గురించి లెక్క చెప్పుకుంటాం. ఈసారి ఒక కొత్త మనవితో వచ్చాం. జైల్లో ఉన్నవారికీ, బయటికి వచ్చినవారికీ ఏ సాయం నిజంగా పనికొస్తుందో తెలుసుకునే అధ్యయనానికి కొంత సొమ్ము కేటాయించమని అడుగుతున్నాం. "అన్నం పెట్టే డబ్బు పరిశోధనకా?" అని పెద్దలు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. దానికి జవాబు చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

2022 చివరికి మన దేశపు జైళ్లలో 5,73,220 మంది ఉన్నారని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురి మీద నేరం ఇంకా రుజువు కాలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ముస్లింలు 14.2 శాతం. విచారణ ఖైదీల్లో మాత్రం దాదాపు ఐదో వంతు. ఇది మన ఇంటి విషయం కూడా. అయితే జైలు పేదరికం మతం చూసి రాదు. మన సాయమూ మతం చూడకూడదు.

మన ప్రాంతాన్నే తీసుకోండి. బోధన్ షక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడింది. నెల జీతం మీద బతికిన ఇళ్లు కూలి మీద పడ్డాయి. మంజీర దాటితే మహారాష్ట్ర. పని కోసం అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు తిరుగుతూనే ఉంటారు. అలాంటి మనిషి కేసులో ఇరుక్కుంటే, కోర్టు బెయిలు ఇచ్చినా జమానతుదారు దొరకడు. సొంత ఊరు వేరే రాష్ట్రం, ఇక్కడ పేరు మీద గజం భూమి లేదు. ఇంటి దగ్గర కూలి ఆగిపోతుంది, వడ్డీ ఆగదు.

ఇది కొత్త బాధ కాదు. మధ్యప్రదేశ్‌లో మోతీరామ్ అనే తాపీ మేస్త్రిని పది వేల రూపాయల పూచీకత్తు అడిగారు. తమ్ముడో అన్నో పూచీ నిలబడతానంటే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఒప్పుకోలేదు. 1978లో సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ పద్ధతిని తప్పుపట్టి, వెయ్యి రూపాయల సొంత బాండు మీద అతణ్ణి విడిచిపెట్టమన్నారు.

ఇక పరిశోధన సంగతి. 1961లో న్యూయార్క్‌లో లూయీ ష్వైట్జర్ అనే రసాయన ఇంజనీరు, డబ్బు కట్టలేక జైల్లో మగ్గుతున్న కుర్రాళ్లను చూసి కలత చెందాడు. వాళ్ల బెయిలు డబ్బు తానే కట్టి ఊరుకోవచ్చు. అలా చేయకుండా ఒక అధ్యయనానికి సొమ్ము ఇచ్చాడు. ముద్దాయి ఎక్కడ ఉంటాడు, ఇంట్లో ఎవరున్నారు, ఏం పని చేస్తాడు అని న్యాయశాస్త్ర విద్యార్థులు అడిగి రాసుకున్నారు. ఊళ్లో వేళ్లున్నవారిని డబ్బు లేకుండా విడిచిపెట్టమని కోర్టుకు సిఫారసు చేశారు. అలా విడుదలైనవారిలో దాదాపు అందరూ వాయిదాకు తిరిగి వచ్చారు. ఆ లెక్క ఆధారంగా 1966లో అమెరికా బెయిలు చట్టమే మారింది. అక్కడితో ఆగలేదు. 1979లో బిహార్ ఖైదీల తరఫున వచ్చిన హుస్సైనారా ఖాతూన్ కేసులో మన సుప్రీంకోర్టు ఆ మాన్‌హాటన్ అనుభవాన్ని ప్రస్తావించింది. ఒక దాత రాయించిన లెక్క సముద్రాలు దాటి మన పేదవాడి వరకు వచ్చింది. అన్నం ఒక పూట ఆకలి తీరుస్తుంది. సరైన లెక్క అన్నం కోసం నిలబడే వరుసనే తగ్గిస్తుంది.

మన నేల మీదా ఈ చూపు ఉంది. నిజామాబాద్ ఖిల్లా జైల్లో బందీలుగా ఉన్నవారిలో దాశరథి ఒకరు, వట్టికోట ఆళ్వారుస్వామి ఒకరు. ఆళ్వారుస్వామి తోటి ఖైదీల బతుకులను గమనించి 'జైలు లోపల' కథలు రాశారు. గోడల వెనక ఉన్నది ఎవరో ముందు తెలుసుకోవాలన్నదే మన ఉద్దేశం కూడా.

తప్పు చేసినవాణ్ణి వెనకేసుకొస్తున్నామని అనుకోవద్దు. నష్టపోయినవారి కన్నీరు మనకు తెలుసు. ఒకసారి తప్పు చేసినవాడు రెండోసారి చేయకుండా ఆపగలిగితే, ఇంకొక ఇల్లు ఏడవకుండా ఉంటుంది. అందుకే చట్టం జైలు కాకుండా మరో దారి కూడా చూపింది. 1958 ప్రొబేషన్ చట్టం కింద, తగిన కేసుల్లో దోషిని మంచి నడవడి బాండు మీద విడిచి, అధికారి పర్యవేక్షణలో ఉంచవచ్చు. ఇరవై ఒక్క ఏళ్లు నిండనివారి విషయంలో కోర్టు ఈ దారిని తప్పక ఆలోచించాలి. ఆ చట్టం 13వ సెక్షను ఇంకో మాట చెబుతుంది: ప్రభుత్వ గుర్తింపు పొందిన సొసైటీ కూడా ప్రొబేషన్ అధికారిగా పనిచేసే మనిషిని ఇవ్వవచ్చు. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో చిన్న నేరాలకు సమాజ సేవ కూడా శిక్షే. మసీదు కమిటీలు, బడులు, ఆసుపత్రులు ఉన్న మన సమాజానికి ఇందులో పని ఉంది.

ప్రభుత్వ సాయమూ ఉంది. 2023లో వచ్చిన కేంద్ర పథకం కింద అర్హులైన పేద విచారణ ఖైదీకి జమానతు కోసం, శిక్ష పడినవారికి జుర్మానా కోసం ఒక పరిమితి వరకు సొమ్ము ఇస్తారు. కొత్త నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షను ప్రకారం, మొదటిసారి కేసులో పడ్డవాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం జైల్లోనే గడిపితే బాండు మీద విడుదలకు అర్హుడు. ఉరి, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు. ఒకటి కంటే ఎక్కువ కేసులున్నవారికీ వర్తించదు. ప్రభుత్వం ఇచ్చే చోట మన చందా ఖర్చు చేయనక్కరలేదు. ఎవరు దేనికి అర్హులో కనిపెట్టే మనిషి కావాలి, అంతే.

అందుకే మా మనవి మూడు అంశాలు. మొదటిది, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ, జైలు అధికారుల అనుమతితో, చదువుకున్న ఇద్దరు యువకులకు ఏడాదిపాటు జీతం. రెండోది, సాయం పొందిన ప్రతి మనిషి గురించి, అతని ఇష్టంతో, ఐదు సంగతులు రాయడం: అరెస్టు తేదీ, బెయిలు తేదీ, విడుదల తేదీ, ఆలస్యానికి కారణం, ఏడాది తర్వాత అతని పని. పేర్లు బయటికి రావు. మూడోది, నచ్చినా నచ్చకపోయినా ఆ ఫలితాన్ని వచ్చే ఏటి సంచికలో అచ్చు వేయడం. మనం ఇచ్చిన సాయం పని చేయలేదని తేలితే ఆ డబ్బును పని చేసే చోటికి మళ్లిద్దాం.

జకాత్ గురించి స్పష్టంగా చెబుతాం. జకాత్ హక్కుదారుడి చేతికే చేరాలి, అతడే దానికి యజమాని కావాలి అని మన హనఫీ ఉలమాల మాట. కాబట్టి జకాత్ నుంచి ఒక్క పైసా జీతాలకో కాగితాలకో పోదు. ఈ పనికి లిల్లాహ్, సదఖా సొమ్మే. ఆ సొమ్ములో వందకు ఐదు రూపాయలు ఇవ్వండి. దానికి వేరే రశీదు పుస్తకం, వేరే ఖాతా ఉంటాయి.

యూసుఫ్ అలైహిస్సలాం చేయని తప్పుకు జైల్లో ఉన్నారు. బయటపడ్డ తోటి ఖైదీ ఆయన మాట రాజుకు చెప్పడం మరచిపోయాడు. ఆ మరపు ఆయనను మరికొన్నేళ్లు లోపలే ఉంచింది. లోపల ఉన్నవారిని మరచిపోకుండా ఉండటానికే ఈ లెక్క పుస్తకం. అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక. ఆమీన్.