విశ్వవిద్యాలయ విద్యయు, మన యిండ్ల జమాఖర్చును
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యాభివృద్ధిని గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు మమ్ము ఆజ్ఞాపించిరి. విద్య గొప్పదని యీ వేదికమీదనుండి ఏటేట వినుచునే యున్నారు. ఆ స్తోత్రమును మేము మరల పఠింపబోము. డిగ్రీ చదువునకు మన యింటికి నిజముగా నెంత ఖర్చగుచున్నది, అది యెన్నేండ్లకు తిరిగి వచ్చును, అను లెక్కను మాత్రము మీ యెదుట నుంచుచున్నాము.

పోయిన యేడు ఒక పాళెములో వృద్ధుడొకడు మాతో నిట్లనెను: “అయ్యా, చదివినవాడు తెప్ప యెక్కడు, ఉద్యోగము దొరకదు. రెంటికి చెడిన రేవడి యగుచున్నాడు.” ఆ మాటకు అప్పుడు మాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. అది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. 2022-23 సంవత్సరపు కేంద్రప్రభుత్వ శ్రామికగణన ప్రకారము దేశములో పని కోరువారిలో నిరుద్యోగులు మొత్తముమీద 3.2 శాతము, పట్టభద్రులలోనో 13.4 శాతము. చదివినకొలది ఖాళీగా కూర్చుండుట యెక్కువైనదని ఆ యంకెలే చెప్పుచున్నవి.

ఇక లెక్కకు వత్తము. ఫీజు ప్రభుత్వమే చెల్లించుచున్నది గనుక చదువు ఉచితమని మనలో పలువురి భావము. అది పొరపాటు. పదునెనిమిదేండ్ల కుఱ్ఱవాడు పడవమీదికి పోయిన యెడల నెలకు 12,000 రూపాయల వాటా వచ్చుననుకొందము. ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు 61 దినములు వేట నిషేధము గనుక ఏటికి పది నెలలే లెక్క, అనగా 1,20,000. మూడేండ్ల చదువులో ఇంటికి రాకపోయిన సొమ్ము 3,60,000. భోజనవసతికై ఏటికి 20,000 చొప్పున ప్రభుత్వసాయము సక్రమముగా అందినదనుకొన్నను, 60,000 తీసివేయగా, ఫీజు ఒక్క రూపాయి కట్టకయే ఆ కుటుంబము మూడు లక్షలు చదువునకు పెట్టినట్లు. తన వాటాయంకె వేరని తోచినవారు దానిని వేసికొని తిరిగి కట్టుకొనవచ్చును, పద్ధతి యిదియే.

పట్టభద్రుడైన పిదప, పడవమీద వచ్చుదానికంటె ఏటికి 48,000 రూపాయలు హెచ్చుగా సంపాదించెనేని, ఆ మూడు లక్షలు ఆరేండ్ల మూడు మాసములకు తీరును. అటుపైన నంతయు లాభమే. అలలతో పోరాడు దేహము నలుబదియైదేండ్లకే అలసిపోవును గదా! బల్లయొద్ద పని అఱువదియేండ్ల వరకు సాగును. కాని ఆ పిల్లవాడు ఉద్యోగమునకై రెండేండ్లు ఎదురుచూచుచు ఇంట కూర్చుండెనా, మరి 2,40,000 చేరి, తీరుటకు పదునొకండేండ్లు దాటును. కావున మన కొంప ముంచునది ఫీజు కాదు, ఆ నిరీక్షణము. పట్టము ఏ విషయమున పుచ్చుకొనవలెననునది యందుచేతనే ముఖ్యము.

మా మేనల్లుని సంగతియే చెప్పెదము. వానిని పొరుగు రాష్ట్రమున నొక ప్రైవేటు కళాశాలలో, చెల్లెలి నగలు కుదువబెట్టి ఇంజనీరింగు చదివించితిమి. ఏ ప్రవేశపరీక్ష లేదు, అడిగిన సొమ్ము కట్టినచో సీటు. నాలుగేండ్ల పిదప వాడు చేరినది ఒక గిడ్డంగి కావలి పనిలో. నగలు నేటికిని విడిపింపలేదు. ఆ తప్పులో సగము మాది, విచారింపక పంపితిమి.

ఇదే కాలమున ముత్తుకూరులో, మన కడలి యొడ్డుననే, 1991లో స్థాపింపబడిన ప్రభుత్వ మత్స్యశాస్త్ర కళాశాల యున్నది. అందు నాలుగేండ్ల పట్టము. 1994 ప్రాంతమున తెల్లమచ్చ తెగులు రొయ్యల చెరువులను ఊడ్చిపెట్టినప్పుడును, 2009 తరువాత వనామి రొయ్య దిగినప్పుడును, పిల్లల ఉత్పత్తికేంద్రములకు, మేత కంపెనీలకు, పరీక్షాశాలలకు శాస్త్రమెరిగినవారు కావలసివచ్చిరి. 2019లో గ్రామసచివాలయములలో మత్స్యసహాయకుల పదవులు ఏర్పడినప్పుడు మత్స్యశాస్త్రము చదివినవారే అర్హులైరి. నీటి రంగు చూచి చేపల గుంపును పసిగట్టు మనవారు ఆ కాగితము లేక గట్టుననే నిలిచిరి. వెనుకబడిన తరగతులలో ‘ఎ’ వర్గమునకు 7 శాతము స్థానములు కలవు. ప్రవేశపరీక్షకు మన పిల్లలెందరు కూర్చుండుచున్నారో ప్రతి పాళెపు పెద్దయు విచారింపవలయును.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో పుట్టినది. తిరుపతి విశ్వవిద్యాలయము 1954లో. నెల్లూరునకు విక్రమసింహపురి విశ్వవిద్యాలయము వచ్చుటకు 2008 వరకు, అనగా ఎనుబదిరెండేండ్లు, కాచుకొంటిమి. కాకుటూరులో నున్న ఆ విద్యాలయము మన తీరమునకు దగ్గర. 2020 నాటి 77వ ఉత్తర్వు ప్రైవేటు కళాశాలల స్నాతకోత్తర విద్యార్థులకు ఫీజు చెల్లింపును తొలగించినపుడు, పేదకు ప్రభుత్వ విద్యాలయపు విలువ యెట్టిదో తెలిసివచ్చినది. అయితే ఇందును లోపమున్నది. 2023లో రాష్ట్ర విశ్వవిద్యాలయములలో 3,220 బోధకపదవులకు ప్రకటన వెలువడినదనగా, అంతవరకు ఎన్ని పీఠములు ఖాళీగా నుండెనో యూహింపుడు. గురువు లేని తరగతికి పెట్టిన ఖర్చు, అది ప్రజలదైనను ఇంటిదైనను, దండుగయే. అందుకు మన వినతిపత్రము వేరుగా పోవలయును.

ఆడుబిడ్డల మాట. వారి లెక్క వేరు. రొయ్యలు ఒలుచు కర్మాగారములో వారికి వచ్చు కూలి పడవ వాటాకంటె తక్కువ. కావున చదువునకై విడుచుకొను సొమ్మును తక్కువ. 2018లో ప్రపంచబ్యాంకు ఆర్థికవేత్తలు ప్రకటించిన సమీక్షలో, ఒక్కొక్క యేటి చదువునకు సంపాదన సగటున 9 శాతము చొప్పున పెరుగుననియు, స్త్రీలలో ఆ లాభము పురుషులకంటె నధికమనియు తేలినది. పెట్టుబడి తక్కువ, ఫలము హెచ్చు! అట్లయ్యు మన యిండ్లలో ముందుగా బడి మానిపించునది ఆడపిల్లనే. అడిగినచో, నెల్లూరులో ఎక్కడ నుండును, రాత్రి బస్సులో నెట్లు వచ్చును, అందురు. ఆ ప్రశ్న న్యాయమైనదే.

కావుననే ఈ తీర్మానము. కల్యాణమంటపమునకై ప్రోగుచేసిన నిధిలో సగమును, కాకుటూరునకు సమీపమున నొక యిల్లు అద్దెకు గొని, ఇరువదిమంది బాలికలకు వసతిగృహము నడుపుటకు వినియోగింపవలెనని మేము ప్రతిపాదించుచున్నాము. మంటపము మరి రెండేండ్లు ఆలస్యమగును. పెండ్లిండ్లు ఇసుకమీద పందిళ్లలో యథాప్రకారము జరుగును. ఇష్టము లేనివారు చందా వాపసు పుచ్చుకొనవచ్చును, పద్దుపుస్తకము కోశాధికారిగారియొద్ద నున్నది. మధ్యాహ్నభోజనానంతరము ఓట్లు తీసికొందురు. స్త్రీలు సయితము చేతులెత్తవలెనని మా ప్రార్థన.