ధనము – వాదము – చలనచిత్రము



ధనవంతుడు రాజకీయవిషయములను గూర్చి పలికినపుడు కొందరు అతని సంపదను చూచి తలయూపుదురు. కొందరు ఆ సంపదను చూచియే పెదవి విరుతురు. మాటలోని యుక్తిని తూచువారు తక్కువ. "దీనివలన ఎవరికి ప్రయోజనము?" అను ఒక్క ప్రశ్న ఇచ్చటను, నేడు విసుగు పుట్టించుచున్న చలనచిత్రపరంపరల విషయమునను దారి చూపునని నా అభిప్రాయము. రెంటికిని అమెరికాలోని డిస్నీ సంస్థయే ఉదాహరణము.

1923లో వాల్ట్, రాయ్ సోదరులు దానిని స్థాపించిరి. రాయ్ మనుమరాలు ఆబిగెయిల్ డిస్నీ తనవంటి ధనవంతులపై పన్ను పెంచవలెనని వాదించుచున్నారు. 2018లో సంస్థ ప్రధానాధికారి ప్రతిఫలము సుమారు 6.56 కోట్ల డాలర్లు. అది అందలి నడిమి స్థాయి ఉద్యోగి జీతమునకు 1,424 రెట్లు. 2019లో ఆమె దీనిని బహిరంగముగా విమర్శించిరి. "అంత జాలియున్నచో తన సొమ్మును దానము చేయరాదా?" అని ఆక్షేపించువారు కలరు. దానము దాత యిష్టము. పన్ను అందరికిని వర్తించు శాసనము. ఒకటి రెండవదానికి బదులు కానేరదు. ఈ వాదము నెగ్గినచో నష్టపోవువారిలో ఆమెయు ఒకరు, కనుక వినదగినది. అయినను, ఆమె మాటను పత్రికల కెక్కించినది ఆమె యింటిపేరే. అదే మాట ఆ సంస్థ విహారోద్యానమును ఊడ్చు కార్మికుడు చెప్పినచో ఎందరు వినియుందురు? ధనము సద్వాదమునకు తోడ్పడినపుడు సైతము ఈ అసమానత తొలగదు.

ఇక చిత్రములు. మార్వెల్ సంస్థను డిస్నీవారు 2009లో సుమారు 400 కోట్ల డాలర్లకు కొనిరి. ఆ పరంపరలో 2019 నాటి "ఎవెంజర్స్: ఎండ్‌గేమ్" ప్రపంచమంతట సుమారు 280 కోట్ల డాలర్లు వసూలు చేయగా, 2023 నాటి "ది మార్వెల్స్" సుమారు 20 కోట్లతో ఆగినది. ఏటి చిత్రముల సంఖ్యను రెండు, మూడింటికి తగ్గింతుమని 2024లో సంస్థ అధినేతయే పలికిరి.

కథను మరల చెప్పుటయే దోషమందమా? శశిరేఖాపరిణయగాథ 1936లో చిత్రమైనది. 1957లో "మాయాబజార్"గా మరల వచ్చినది. తెలుగువారు విసుగుకొనలేదు సరికదా, నేటికిని చూచుచున్నారు. "బాహుబలి" మొదటి భాగము 2015లో విడిచిన ప్రశ్నకు 2017లో రెండవ భాగము సమాధానమిచ్చినది. హరికథకుడు ఏటేట రామకథయే చెప్పును. కాని ఆ రాత్రికి కథ ముగియును, మంగళహారతి పాడును. మరునాడు రాకున్నను శ్రోతకు లోటులేదు. నేటి పరంపరలలో పెక్కింట ముగింపే మరియొక చిత్రమునకు ప్రకటన. కథకు ముగింపు కావలెను, పెట్టుబడికి అక్కరలేదు. ప్రేక్షకుని విసుగునకు మూలమిదియే.

కావున పలుకువాని సంపదను గాని, చిత్రము పేరును గాని చూచి తీర్పు చెప్పక, ప్రయోజనమెవరిదని మొదట అడుగుదము. ఓటును, టిక్కెట్టు రుసుమును ఆ తరువాతనే ఇత్తము.